చెర్రీ పలక మీద ముక్కు గీత

అమెరికాలో, హెర్న్‌డన్ ఊళ్లో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఒక పాత ధాన్యం గోదాము ఉంది. దాని వెనక భాగంలో చెక్క అచ్చులతో బొమ్మలు వేయడం నేర్పే వర్క్‌షాప్ నడుస్తుంది. నాలుగేళ్లుగా నా శనివారాలు అక్కడే గడుస్తున్నాయి. వారంలో అయిదు రోజులు నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుని, ఎక్కడ ఏం చెడిందో వివరంగా రాసిపెట్టడం నా ఉద్యోగం. అందులో నాకు మంచి పేరే ఉంది. శనివారం మాత్రం కత్తీ ఉలీ పట్టుకుని బల్ల ముందు కూర్చుంటాను. మొదట్లో మావారు ఇది ఒక నెల ముచ్చట అనుకున్నారు. పోను పోను శనివారం వంట తనే చేసుకోవడం అలవాటు చేసుకున్నారు.

వర్క్‌షాప్ నడిపే టీచరు డెబ్భైకి దగ్గరపడిన అమెరికన్. పడుచు వయసులో జపాన్ వెళ్లి, అక్కడ అచ్చు వేయడం ఒక్కటే ఏళ్ల తరబడి నేర్చుకుని వచ్చారు. ఆ దేశపు పాత పద్ధతిలో బొమ్మ ఒక్కరి సొత్తు కాదు. గీసేవారు ఒకరు, దాన్ని చెక్కలో చెక్కేవారు ఒకరు, కాగితం మీద అచ్చు వేసేవారు మరొకరు. ఇక్కడ అందరూ అన్ని పనులూ తామే చేయాలనుకుంటారని, ఒక్కసారైనా అసలు పద్ధతిలో ముగ్గురు కలిసి ఒక బొమ్మ తీయాలని ఆవిడ ఎప్పటినుంచో అంటూ ఉండేవారు. పోయిన వేసవిలో ఆ ముచ్చట కుదిరింది. ముప్ఫై ప్రతులు తీద్దామనుకున్నాం. అచ్చు ఆవిడది, చెక్కడం నాది. గీయడానికి ఎవరున్నారని ఆవిడ అడిగితే నేను తడుముకోకుండా ఒక అమ్మాయి పేరు చెప్పాను.

ఆ అమ్మాయి మా అక్క కూతురు. అక్క అంటే తోడబుట్టింది కాదు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో మేమున్న అపార్ట్‌మెంట్‌లోనే కింది అంతస్తులో ఉండేది. నాకు డ్రైవింగ్ నేర్పింది, మొదటి మంచుకి బూట్లు కొనిపించింది తనే. నేను వచ్చేసరికే ఆ పిల్ల హైస్కూల్లో ఉంది. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో స్కెచ్ బుక్కు. ఇప్పుడు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తోంది. తల్లీ కూతుళ్ల మధ్య గొడవలేం లేవుగానీ, ఎక్కువ మాటలూ లేవు. వారానికోసారి భోజనానికి వస్తుంది, తింటుంది, గిన్నెలు తోమిపెట్టి వెళ్లిపోతుంది. అక్క నాతో చెప్పే మాట అది.

జులై చివర్లో అమ్మాయి బొమ్మ తెచ్చింది. ఉల్లిపొరలాంటి పల్చటి కాగితం మీద నల్ల సిరాతో గీసిన గీతలు. వానలో స్కూలు బస్సు కోసం చూస్తున్న జనం. బస్సు ఇంకా రాలేదు. స్టాప్ బోర్డు పక్కన నలుగురైదుగురు గొడుగుల కింద గుంపుగా ఉన్నారు. వాళ్లకి దూరంగా, పోస్టు డబ్బాల దగ్గర, ఒకావిడ ఒక్కతే నిలబడి ఉంది. ఒంటిమీద పొడుగాటి కోటు, కోటు కింద చీర కుచ్చిళ్లు, కాళ్లకి తడిసిన స్పోర్ట్స్ బూట్లు. మొహం పక్కనుంచి కనిపిస్తోంది. బొమ్మంతా ఏటవాలుగా సన్నటి వాన గీతలు.

ఆ ముక్కూ ఆ గడ్డమూ చూడగానే ఎవరో నాకు తెలిసిపోయింది. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అంది. "ఇందులో ఉంది తనేనని అమ్మకి చెప్పొద్దు ఆంటీ. డన్ అయ్యాక నేనే చూపిస్తా."

సరేనన్నాను.

గీసిన కాగితాన్ని చెర్రీ చెట్టు చెక్క పలక మీద బోర్లా అంటించడం ఈ పనిలో మొదటి మెట్టు. మైదా జిగురు పలచగా రాసి, కాగితం పరిచి, వెనకనుంచి వేలికొసలతో పొర పొరగా రుద్ది తీసేస్తే గీతలు పలకలోంచి పుట్టినట్టు తేలతాయి. ఆ తరవాత కాగితం మీది గీతను అలాగే ఉంచి, దాని చుట్టూ ఉన్న చెక్కంతా తీసేయాలి. చెక్కడం పూర్తయ్యేసరికి కాగితం ఉండదు, బొమ్మ పలకలోనే ఉంటుంది. నేను రుద్దుతుంటే అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. కాపీ ఏమైనా తీసిపెట్టుకున్నావా అని అడిగాను. లేదంది. స్కాన్ చేసుకుంటానంటే టీచరే వద్దన్నారట. ఇంకొకటి ఉందని తెలిస్తే చెక్కే చేతికి భయం పోతుందని ఆవిడ నమ్మకం. నా ఫోన్‌లో ఒకే ఒక్క ఫొటో ఉంది. అందులోనూ కిటికీ వెలుతురు పడి కుడివైపు సగం తెల్లగా మెరిసిపోయింది.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు గొడుగులతో, కుచ్చిళ్లతో సరిపోయాయి. ప్రతి గీతకీ రెండు వైపులా కత్తితో గాటు పెట్టాలి, తరవాత ఉలితో మధ్య చెక్క లేపేయాలి. వాన గీతలు వెంట్రుకంత సన్నం. చెక్కుతున్నంతసేపూ ఊపిరి బిగపట్టి ఉండేదాన్ని. అక్టోబరు మొదటి శనివారానికి మొహం దగ్గరికి వచ్చాను.

ఆ మొహం మొత్తం ఒకే గీత. నుదుటి నుంచి ముక్కు మీదుగా పెదవుల వరకు, అక్కణ్ణుంచి గడ్డం దాకా. దాని పక్కనే, దాదాపు ఆనుకుని, ఒక వాన గీత దిగుతోంది. రెంటి మధ్య ఖాళీ కూడా గీతంత సన్నంగానే ఉంది. పలక మీద అంతా తిరగబడి ఉంటుంది కదా, ఎడమ కుడి అవుతుంది. నేను ఆ ఖాళీని గీత అనుకున్నాను. శ్రద్ధగా, నిదానంగా, ఆ ఖాళీకి రెండు వైపులా గాట్లు పెట్టి, అవతలి చెక్క తీసేశాను. ఉలి మొన మీద లేచిన పెచ్చుని నోటితో ఊదాను. అది ఎగిరి కింద పడ్డాక చూశాను. ముక్కు లేదు. పై పెదవి కూడా లేదు.

టీచరు గది అవతలి చివర రంగులు నూరుతున్నారు. ఎలా సాగుతోందని అక్కణ్ణుంచే అడిగారు. బాగుందన్నాను. పలకకి తువ్వాలు చుట్టి, నడుము నొప్పిగా ఉందని చెప్పి, కారెక్కాను. దారిలో రెండు చోట్ల తప్పు మలుపు తిరిగాను.

ఆ వారమంతా నేను మనిషిని కాను. సోమవారం ఆఫీస్‌లో ఎవరిదో పొరపాటు పట్టుకుని, ఎప్పటిలాగే అన్నీ వివరంగా రాసి పంపాను. పంపాక నా మీద నాకే రోత పుట్టింది. ఆ తప్పు చేసినవాళ్లు అది దాచలేదు కూడా, వాళ్లకి తెలియదంతే. నాకు తెలిసి, తువ్వాలు కప్పి వచ్చాను. అమ్మాయి మంగళవారం మెసేజ్ పెట్టింది, శనివారం తనూ వస్తున్నానని, అమ్మ మొహం చూడాలని ఉందని. జవాబుగా బొటనవేలు గుర్తు పెట్టాను. మావారికి చెబితే, మళ్లీ గీయించుకోవచ్చు కదా అన్నారు. అది అన్నిటిలాంటి గీత కాదు, వెనక రెండు నెలల పని ఉంది, ఆ పిల్ల ఒక్కసారే గీయగలిగిన మొహం అని ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు.

బుధవారం సాయంత్రం అక్క వచ్చింది. ఎవరిదో గృహప్రవేశానికని మా ఇంట్లోంచి తీసుకెళ్లిన పెద్ద కుక్కర్ తిరిగివ్వడానికి. టీ పెట్టాను. ఏంటి అలా ఉన్నావంది. ఏం లేదన్నాను. కుక్కర్ మూత పక్కన పెడుతూ, అమ్మాయి బొమ్మ ఎంతవరకు వచ్చిందని మామూలుగా అడిగింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇక ఆగలేదు, అంతా చెప్పేశాను. కాగితం ఒక్కటేనని, నేను ఖాళీని గీత అనుకున్నానని, మొహం పోయిందని.

"ఎవరి మొహం?" అంది అక్క.

అప్పుడు గుర్తొచ్చింది, చెప్పనని మాటిచ్చిన సంగతి. కానీ అప్పటికే సగం చెప్పేశాను, మిగతా సగం దాస్తే అర్థమేముంది.

"నీదే అక్కా. బస్‌స్టాప్‌లో నువ్వు."

అక్క టీ చల్లారిపోతున్నా తాగలేదు. చివరికి, బొమ్మలో తను ఎలా ఉన్నానని అడిగింది. పొడుగు కోటు, కింద చీర, స్పోర్ట్స్ బూట్లు అని చెప్పాను. అందరితో కాకుండా పోస్టు డబ్బాల దగ్గర విడిగా ఉన్నావని కూడా చెప్పాను.

"పోస్టు డబ్బాల దగ్గరే," అంది అక్క. "మూడో క్లాసప్పుడు అడిగింది, అమ్మా నువ్వు అక్కడ నించో, ఫ్రెండ్స్ చూస్తారు అని. ఆ కోటు, ఆ చీర, దానికి ఎంబరాసింగ్‌గా ఉండేదట. సరేనన్నా. రెండేళ్లు అక్కడే నించున్నా. బస్సెక్కేటప్పుడు ఒక్కసారి మాత్రం ఇటు చూసేది."

ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. పాత అడ్రస్ చెప్పినట్టు చెప్పింది. నేను ఆ బొమ్మని వందలసార్లు చూశాను, గీత గీతకీ కత్తి పెట్టాను. ఆవిడ ఎందుకు విడిగా ఉందో ఒక్కసారి కూడా అడగలేదు. అక్క వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, శనివారం వరకూ ఆగొద్దు, పిల్లకి ముందే చెప్పెయ్ అంది. నాకు ఫోన్‌లో చెప్పే ధైర్యం లేకపోయింది. శనివారం తెల్లారగానే మిగతావాళ్లకంటే ముందు వర్క్‌షాప్‌కి వెళ్లి, టీచరు ముందు తువ్వాలు విప్పాను.

ఆవిడ కళ్లజోడు పైకి తోసి, పలకని వెలుగుకి అటూ ఇటూ వంచి చూశారు. ఎప్పుడు జరిగిందని అడిగారు. పోయినవారం అన్నాను. తల ఊపారు. కోప్పడలేదు. అటక మీది పెట్టెలోంచి తను జపాన్ నుంచి తెచ్చుకున్న ఒక పాత పలక దింపారు. మసిబారిన నల్లటి పలక. దాన్ని నా చేతికిచ్చి, ఏం కనిపిస్తోందని అడిగారు. పట్టి పట్టి చూస్తే ఒక పువ్వు దగ్గర పడవ ఆకారంలో చిన్న అతుకు ఉంది. ఇంకో మూలన మరొకటి. మొత్తం నాలుగు. తప్పు తెగిన చోట గాడి తీసి, అదే జాతి చెక్క ముక్కని బిగుతుగా దిగేసి, చదును చేసి, దాని మీద మళ్లీ చెక్కుతారట. అతుకు లేని పాత పలకని తను చూడనేలేదన్నారు. వారం రోజులుగా బిగుసుకున్న నా భుజాలు ఆ మాటకి కిందికి దిగాయి.

అతుకైతే వేయగలంగానీ, దాని మీద గీత ఎవరు గీస్తారు?

అమ్మాయి పదింటికి వచ్చింది. నేనే చెప్పాను, ఇంగ్లిష్‌లో, పొడిపొడిగా, ఎక్కడా సర్దిచెప్పకుండా. అమ్మకి తెలిసిపోయిన విషయం కూడా చెప్పి క్షమించమన్నాను. తను పలకకేసి చూసింది, మొహం ఉండాల్సిన చోట వేలుపెట్టి తడిమింది. తరవాత బయటికి వెళ్లి పార్కింగ్ లాట్‌లో తిరిగింది. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. పావుగంటకి వెనక్కొచ్చింది.

"మళ్లీ మెమరీ నుంచి గీయలేను ఆంటీ. అది ఒక్కసారే వచ్చింది." స్టూలు లాక్కుని కూర్చుని, "అమ్మ ఏమంది?" అని అడిగింది.

పోస్టు డబ్బాల సంగతి చెప్పిందన్నాను. అమ్మాయి కళ్లు దించుకుంది. "షీ రిమెంబర్స్," అని మాత్రం అంది.

ఆ మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తమ ఇంట్లో అయితే ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుందనుకున్నారేమో, ఎవరూ ఆ మాట అనలేదు. భోజనాల బల్ల దగ్గర కిటికీ పక్కన కుర్చీ వేశాను. అక్క దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంది. అమ్మాయి ఎదురుగా కాదు, పక్కగా కూర్చుని, పల్చటి కాగితం బల్ల మీద పరిచింది. నేను వంటింట్లోకి పోబోతే, ఉండమంది అక్క.

అమ్మాయి చాలాసేపు గీయలేదు. చూస్తూ కూర్చుంది. తల్లి మొహాన్ని అంతసేపు అలా చూడటం ఆ పిల్లకి అదే మొదటిసారి అనుకుంటాను. అక్క మెడ నొప్పి పుట్టి కాస్త కదిలింది.

"అమ్మా, కదలకు."

"అప్పుడు దూరంగా నించోమన్నావ్, ఇప్పుడు కదలొద్దంటున్నావ్," అంది అక్క, కిటికీలోంచే చూస్తూ.

అమ్మాయి బ్రష్ కింద పెట్టేసింది. "ఐ నో అమ్మా. నాకు ఎయిట్ ఇయర్స్. నేను రోజూ బస్ విండోలోంచి నిన్నే చూసేదాన్ని, కానీ ఎప్పుడూ చెప్పలా. సారీ అమ్మా."

అక్క ముక్కు చీదుకోవడానికి నేను టిష్యూ అందించాను. తుడుచుకుని, "ఆ కోటు నిజంగానే బాగుండేది కాదులే," అంది. "మీ నాన్న సేల్‌లో తెచ్చారు. మగవాళ్ల కోటు."

ముగ్గురం నవ్వాం. ముందు మెల్లిగా, తరవాత ఆపుకోలేక. అమ్మాయి అలా నవ్వుతూనే బ్రష్ సిరాలో ముంచింది. గీత ఒక్క ఊపులో వచ్చింది, నుదుటి నుంచి గడ్డం దాకా.

అతుకు టీచరు, నేను కలిసి వేశాం. గాడి తీయడం నేను, ముక్క అరగదీయడం ఆవిడ. కొంచెం వదులైనా అచ్చులో తెల్లటి చార పడుతుంది, మరీ బిగుతైతే పలక పగులుతుంది. మూడుసార్లు తీసి, మూడుసార్లు అరగదీసి, నాలుగోసారి కొయ్యసుత్తితో కొడితే టక్కుమని దిగింది. కొత్త గీత అంటించి చెక్కేటప్పుడు, తీసేయాల్సిన ఖాళీ చెక్కంతటికీ ఎర్ర పెన్సిల్ రాసుకున్నాను. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. టీచరు చూసి, తనకి నేర్పినాయన కూడా అలాగే చేసేవాడన్నారు. నిజమో, నన్ను ఊరడించడానికి అన్నారో తెలియదు.

మొదటి నమూనా అచ్చు తీసిన రోజు అమ్మాయి కూడా వచ్చింది. టీచరు గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో పలక మీద నల్లరంగు, చుక్క గంజి కలిపి పులిమారు. తడి కాగితాన్ని, అది జరగకుండా పలక మూలన చెక్కిన గాడిలో ఆనించి పరిచారు. వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ళతో వెనకనుంచి రుద్దారు. ఆవిడ రుద్దుతుంటే భుజం, నడుము, మడమలు అన్నీ ఒకేసారి కదులుతాయి. నేను గోడకేసి తిరిగి నిలబడ్డాను. కాగితం ఎత్తిన చప్పుడైంది. భయపడుతూ తిరిగి చూశాను. ముక్కు గీత సన్నగా, నల్లగా, ఎక్కడా తెగకుండా ఉంది. అతుకు ఎక్కడుందో పలక మీద చూపించగలనుగానీ, కాగితం మీద నాకే దొరకలేదు. అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడిపోయాను. గుండె మీదనుంచి ఎవరో గ్యాస్ సిలిండర్ దింపినట్టుంది.

చలికాలమంతా రంగుల పలకలు చెక్కాను. గొడుగులకి ఒకటి, తడి రోడ్డుకి ఒకటి, ఆకాశానికి ఒకటి, కోటుకి ఒకటి. అవి తేలిక, సన్న గీతలుండవు. మార్చిలో మూడు వారాంతాలు వరసగా అచ్చు వేశాం. నా పని కాగితాలకి ముందురోజే తడి పట్టించి, ఎండకుండా, బూజు పట్టకుండా చూసుకోవడం. గదిలో హీటర్ వేస్తే ఆరిపోతాయని స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని కూర్చున్నాం. రంగు తరవాత రంగు, ప్రతి కాగితం అయిదుసార్లు టీచరు చేతి కిందికి వెళ్లింది. పొద్దున పది తీసేసరికి ఆవిడ మణికట్టు పట్టేసేది. వేణ్ణీళ్లలో పెట్టుకుని, మళ్లీ మొదలుపెట్టేవారు. ముప్ఫై అడిగితే ముప్ఫై నాలుగు తీశారు. మూడింటిలో ఆకాశం మరకలు పడింది, ఒకటి నా చెయ్యి జారి చిరిగింది. సరిగ్గా ముప్ఫై మిగిలాయి.

ఆఖరి ఆదివారం అక్కని పిలిచాం. కాగితాలు బల్ల మీద వరసగా ఆరబెట్టి ఉన్నాయి. అక్క చేతులు వెనక కట్టుకుని, మ్యూజియంలోలాగా, ఒక్కొక్కదాని ముందు ఆగుతూ నడిచింది. అన్నీ ఒకటే కదా అక్కా అంటే, ఏమో, చూడనీ అంది. చివరి దాని దగ్గర ఆగి, ముక్కు కొంచెం పొడుగైంది అంది. లేదమ్మా, నీ ముక్కు అంతే, నేను కొలిచినట్టు చూశా కదా అంది అమ్మాయి. అక్క తన ముక్కు తడుముకుని ఒప్పుకుంది.

సంతకాల దగ్గర అమ్మాయి ఒక్కతే పెడుతుందనుకున్నాను. అలా కాదు, మూడు పేర్లూ ఉంటేనే తను పెడతానని మొండికేసింది. అంచున కింద గీసినవాళ్ల పేరు, చెక్కినవాళ్ల పేరు, అచ్చు వేసినవాళ్ల పేరు. నా పేరు తెలుగులో రాశాను. మొదటి రెండూ వంకరపోయాయి, మిగతావి బాగానే వచ్చాయి.

పనంతా అయ్యేసరికి నాలుగైంది. టీచరు పలకలు కడిగి, నిలబెట్టి, ఆకలేస్తోందన్నారు. తొమ్మిది నెలల్లో ఆవిడ నోటివెంట ఆ మాట మొదటిసారి విన్నాను. నలుగురం ఒకే కార్‌లో దోసెల హోటల్‌కి బయల్దేరాం. అమ్మాయి డ్రైవ్ చేసింది. వాళ్లమ్మ పక్క సీట్లో కూర్చుని, లెఫ్ట్ లేన్‌లోకి రా, స్లోగా పో అంటూనే ఉంది, ఆ పిల్ల సరే అమ్మా, సరే అమ్మా అంటూనే ఉంది. నేను వెనక సీట్లో తల వాల్చి, హోటల్ వచ్చేవరకూ హాయిగా నిద్రపోయాను.